చరిత్ర మండలి సమావేశాలకు జనం రావడం లేదు: ప్రసంగాలు తగ్గించాలా, పద్ధతి మార్చాలా?

మండపం
మా పట్టణంలో స్థానిక చరిత్ర మండలి ఒకటి కొన్నేళ్లుగా నడుస్తోంది. ప్రతి నెలా రెండో ఆదివారం శాఖా గ్రంథాలయం మేడ మీద ఒక ప్రసంగం ఏర్పాటు చేస్తాం. శాతవాహనులు, విష్ణుకుండినులు, కాకతీయులు, రెడ్డిరాజులు, విజయనగరం అంటూ రాజవంశాల వరుసలో ఒక విడత పూర్తయింది. వక్తలు విషయం తెలిసినవారే. అయినా వచ్చేవి ఎప్పుడూ అవే ముఖాలు, అందులోనూ ఉద్యోగ విరమణ చేసినవారే ఎక్కువ. ఏడాదికోసారి కోటకో పాత గుడికో బయలుదేరితే మాత్రం యువకులు బస్సు నిండా వస్తారు; మరుసటి నెల ప్రసంగానికి వారిలో ఒక్కరూ కనిపించరు. ప్రసంగాలు తగ్గించి నడకలు, ప్రదర్శనలు, పోటీలు పెంచాలని కార్యవర్గంలో కొందరు అంటున్నారు. అలా చేస్తే మండలి విహారయాత్రల సంఘంగా మిగులుతుందని మరికొందరు అంటున్నారు. ఇలాంటి సంఘాలు నడిపినవారు, నడపలేక మానేసినవారు కూడా, తమ అనుభవం చెబితే వచ్చే కార్యవర్గ సమావేశంలో మాట్లాడటానికి నాకు కొంత ఆధారం దొరుకుతుంది.

చౌడునేల
ముందు ఒక్క విషయం చెప్పండి. ప్రసంగం ఎంతసేపు, దానికి ముందు జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షుల తొలిపలుకులు, విశిష్ట అతిథి పరిచయం, శాలువాలు ఎంతసేపు? మా దగ్గర వక్త మైకు ముందుకు వచ్చేసరికి సభలో సగంమంది గడియారం చూసుకుంటూ ఉండేవారు. కాకతీయుల చెరువుల గురించి విందామని వచ్చినవారికి సన్మానపత్రమే ఎక్కువసేపు వినిపించిన రోజు కూడా ఉంది.

మండపం
శాలువాల సంగతి కాదనలేను. కానీ వాటిని తీసేసినంత మాత్రాన యువకులు మేడ మెట్లు ఎక్కుతారని నాకు నమ్మకం లేదు.

లిపిజిజ్ఞాసి
చౌడునేల గారు చెప్పింది పైపూత. అసలు లోపం అంశాల ఎంపికలోనే ఉందని నా అభిప్రాయం. శాతవాహనుల గురించి ఏ పోటీ పరీక్షల పుస్తకంలోనైనా దొరికే సమాచారాన్ని ఆదివారం ఉదయం మేడ ఎక్కి ఎందుకు వినాలి? స్థానిక చరిత్ర మండలి చేయవలసింది రాజవంశం నుంచి ఊరికి దిగిరావడం కాదు, ఊళ్లో ఉన్న ఒక్క ఆధారాన్ని పట్టుకొని బయటికి వెళ్లడం.

చందుపట్ల శాసనాన్ని తీసుకోండి. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి ఊరు అది. శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరం మార్గశిర శుద్ధ ద్వాదశి నాడు పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి, శివలోకం చేరిన కాకతి రుద్రదేవికీ, అంటే రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని చేసిన భూదానం అందులో ఉంది. రుద్రమదేవి మరికొన్ని ఏళ్లు జీవించిందని అంతకుముందు చరిత్రకారులు అనుకునేవారు. ఒక పల్లెటూరి రాయి ఆ లెక్కను 1289 నవంబరుకు జరిపింది. మహారాణి మరణం రాజధానిలో రాజులను పొగిడే ఏ ప్రశస్తి శాసనంలోనూ కాకుండా, ఒక సామాన్యుడి దానశాసనంలో బయటపడటం చిన్న విషయం కాదు.

మేము దీని మీద పెట్టిన కార్యక్రమంలో వక్త మొదట ఏమీ చెప్పలేదు. శాసన పాఠం అచ్చువేసిన కాగితాలు పంచి, తేదీ మీరే తేల్చండి అన్నారు. శక సంవత్సరానికి 78 కలిపితే 1289 వస్తుంది. ఉగాది నుంచి డిసెంబరు వరకు 78, జనవరి నుంచి మళ్లీ ఉగాది దాకా 79 కలపాలి కాబట్టి మార్గశిరానికి 78 సరిపోతుంది. తరువాత సంవత్సర నామంతో సరిచూడాలి. 2009 ఉగాదికి మొదలైనది విరోధి. అరవై ఏళ్ల చక్రాలు పన్నెండు వెనక్కి వెళితే, అంటే 720 తీసేస్తే, అదే 1289. రెండు దారుల్లో ఒకే ఏడాది తేలినప్పుడు సభలో కలిగిన కదలిక నేను ఏ ఉపన్యాసంలోనూ చూడలేదు. ఆ తరువాత వక్త అరగంట మాట్లాడితే ఎవరూ కదలలేదు.

సందేహి
బాగుంది, కానీ ప్రతి ఊరికీ చందుపట్ల శాసనం ఉండదు కదా. మా ఊళ్లో ఉన్న ఒకే ఒక్క రాతిమీద 'ఈ స్థలం పంచాయతీది' అని రాసి ఉంది, అది కూడా తప్పని కోర్టులో వ్యాజ్యం నడుస్తోంది.

దండకవిలె
రాయి లేని ఊరు ఉంటుందేమో గానీ కాగితం లేని ఊరు ఉండదు. నేను రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించాను. ఇనాము (పన్ను లేకుండా ఇచ్చిన భూమి) రిజిస్టర్లు, సర్వే సెటిల్‌మెంటు కాలపు రిజిస్టర్లు, పాత అడంగళ్లు (ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసిన లెక్కలు), గ్రామ పటాలు చాలావరకు ఏదో ఒక కార్యాలయంలో ఉంటాయి. ఒక చెరువు కింద ఎంత ఆయకట్టు ఉండేదో, ఏ వృత్తివారికి ఏ సర్వే నంబరులో మాన్యం ఉండేదో వాటి నుంచి తెలుస్తుంది. కరణాలు, మునసబుల పదవులు 1984లో రద్దయినప్పుడు లెక్కలన్నీ ప్రభుత్వానికి అప్పగించాలన్నారు. అధికారిక దస్త్రాలు వెళ్లాయి, సొంతంగా రాసుకున్న నకళ్లు చాలా ఇళ్లలో ట్రంకు పెట్టెల్లోనే ఉండిపోయాయి. ఇప్పుడు ఆ ఇళ్లు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నారు. చరిత్ర మండలి చేయగలిగిన సామాజిక కార్యక్రమాలన్నిటిలో మొదటిది ఈ పెట్టెలు చెత్తబండి ఎక్కకముందే తెరిపించడం.

మా మండలిలో 'మీ ఇంటి పాత కాగితం' పేరుతో ఒక ఆదివారం పెట్టాం. ఎవరికి దొరికింది వారు తెచ్చారు: క్రయ దస్తావేజులు, తనఖా పత్రాలు, పెళ్లి శుభలేఖలు, రంగూన్ నుంచి వచ్చిన ఉత్తరాలు. కాగితం యజమాని దగ్గరే ఉంటుంది, మేము ఫొటో మాత్రమే తీసుకుంటాం అని ముందే చెప్పాం. ఆ మాట చెప్పకపోతే భూమి కాగితాలు ఎవరూ గడప దాటించరు.

రాతిమెట్లు
రంగూన్ ఉత్తరాలలో ఏముందండీ? మా తాతగారి అన్నగారు కూడా అక్కడికే వెళ్లారని ఇంట్లో అంటారు.

దండకవిలె
ఎక్కువగా డబ్బు పంపిన లెక్కలు, ఎవరికి ఎంత ముట్టజెప్పాలన్న వివరాలు. ఊళ్లో ఎవరి అప్పు ఎవరికి చెల్లిందో వాటిలో కనిపిస్తుంది కాబట్టి వారి మనుమలు కొన్నిటిని బయటపెట్టవద్దన్నారు. మేము పెట్టలేదు.

రేనాటి బాటసారి
కాగితాల మాట వచ్చింది కాబట్టి కైఫీయతుల గురించి చెప్పాలి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, ఆయన 1803లో మరణించాక తమ్ముడు లక్ష్మయ్య, వారి కింద పనిచేసినవారు ఊరూరా తిరిగి గ్రామ చరిత్రలను రాయించారు, వాటినే కైఫీయతులంటారు. ఊరు ఎవరు కట్టించారు, ఏ గుడికి ఎవరు ఏమిచ్చారు, ఏ దొరతనంలో ఏ పన్ను ఉండేది, అన్నీ కరణాలూ పెద్దలూ చెప్పినట్టు రాశారు. తరువాత సి.పి. బ్రౌన్ వాటిలో చాలావాటికి నకళ్లు తీయించారు. కడప జిల్లా కైఫీయతులు సంపుటాలుగా అచ్చయ్యాయి, గుంటూరు జిల్లావి కూడా వచ్చాయి. మీ ఊరి కైఫీయతు దొరికితే దాన్ని సభలో గట్టిగా చదివించండి, చాలు. మా దగ్గర ఒక పశువుల కాపరి, కైఫీయతులో ఉన్న సరిహద్దు గుర్తులు విని, వాగు, వేపచెట్టు దిబ్బ, పాతబావి ఒక్కొక్కటీ ఎక్కడున్నాయో చెప్పుకుంటూ పోయాడు. మేడ మీది పండితులకు అవేవీ తెలియవు.

సందేహి
కైఫీయతులను అలా నెత్తిన పెట్టుకోవడం ప్రమాదకరం. అవి 1800 ప్రాంతంలో, కంపెనీ దొరతనం ఇనాములను పరిశీలిస్తుందన్న భయం ఉన్న రోజుల్లో, ఇనాములు అనుభవిస్తున్నవారు చెప్పిన మాటలు. తమ మాన్యం జనమేజయుడి కాలం నుంచి ఉందని చెప్పుకోవడం వారికి లాభం. కథల్లో వినిపించే పల్లవరాజు ముక్కంటి కాడువెట్టి ఎన్ని ఊళ్లకు అగ్రహారాలు ఇచ్చాడో లెక్కపెడితే ఆయనకు రాజ్యం ఏలడానికి తీరిక దొరికి ఉండదు.

రేనాటి బాటసారి
జనమేజయుడి సంగతి నేనూ నమ్మమనడం లేదు. కానీ అదే కైఫీయతు చివరికి వచ్చేసరికి హైదర్ అలీ కాలం, నిజాము కాలం, దత్తమండలాలు కంపెనీకి వచ్చిన 1800 నాటి సంగతులు ఉంటాయి. చెబుతున్నవారి తండ్రులూ తాతలూ చూసినవి అవి. పైభాగం పురాణం కాబట్టి కింది భాగాన్ని కూడా పారేస్తామంటే పొట్టుతోపాటు గింజనూ చెరిగేసినట్టే. ఏ భాగం ఎంత నమ్మదగిందో సభలో చర్చిస్తే అదే మంచి కార్యక్రమం అవుతుంది.

సందేహి
ఆ చివరి వాక్యంతో ఏకీభవిస్తాను. అయితే ఆ చర్చ నడిపే ధైర్యం ఉన్న అధ్యక్షుడు కావాలి. మా పట్టణంలో ఒక వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, మీద ప్రసంగం పెడితే, ఆ వీరుడు మావాడంటే మావాడని రెండు కుల సంఘాలవారు వచ్చారు. రాతిమీద ఉన్నది గుర్రం, కత్తి, పైన శివలింగం, సూర్యచంద్రులు మాత్రమే, ఒక్క అక్షరం కూడా లేదు. ఆ సభకు వచ్చినంత జనం మాకు ఎప్పుడూ రాలేదు. జనం రావడమే కొలమానమైతే అది మా ఉత్తమ కార్యక్రమం.

చౌడునేల
మండపం గారూ, మీ సమస్యకు పరిష్కారం దొరికింది. వచ్చే నెల ఒక వీరగల్లును చూసుకోండి.

లిపిజిజ్ఞాసి
నవ్వు సరే గానీ, దీనికి మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి కార్యక్రమంలోనూ బోర్డు మీద మూడు గడులు గీస్తాం: రాతిలోనో కాగితంలోనో ఉన్నది, ఊరివారు చెప్పేది, మనం ఊహిస్తున్నది. ఎవరు ఏమి చెప్పినా అది ఏ గడిలోకి వెళుతుందో వారినే చెప్పమంటాం. 'మా వంశంవాడు' అన్న మాట రెండో గడిలోకి మర్యాదగా వెళుతుంది, ఎవరినీ అబద్ధాలకోరు అనవలసిన అవసరం రాదు. గొడవలు పూర్తిగా ఆగవు, కానీ మాట్లాడేవారు కాస్త ఆలోచించి మాట్లాడతారు.

నదీతీరం
ఇంతవరకు వచ్చిన జవాబులన్నీ రాళ్ల చుట్టూ, కరణాల పెట్టెల చుట్టూ తిరుగుతున్నాయి. ఆ రెండింటిలోనూ ఆడవాళ్లు దాదాపు కనిపించరు, కూలివాళ్లు అసలే కనిపించరు. మేము కృష్ణా తీరంలో కొందరు స్త్రీలం కలిసి పెద్దవాళ్ల జ్ఞాపకాలను ఫోన్లలో రికార్డు చేస్తున్నాం. ఇది ప్రసంగాల కంటే తేలికని అనుకోకండి. ఎదుటివారు చెప్పే సంఘటన ఏ ఏడాదిదో తేల్చడమే పెద్ద పని. 'మీరు పుట్టిన సంవత్సరం ఏది' అని అడిగితే జవాబు రాదు. 'పుష్కరాలకు చంటిబిడ్డను ఎత్తుకొని వెళ్లారా, నడిపించుకొని వెళ్లారా' అని అడిగితే వస్తుంది. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016 సంవత్సరాలలో వచ్చాయి కాబట్టి ఆ బిడ్డ వయసును పట్టుకొని మిగతావి కట్టుకుంటూ పోవచ్చు.

మరో ఉదాహరణ చెబుతాను. 'పెద్ద గాలివాన' అని అందరూ అంటారు. 1969 మే నెలలో వచ్చిన తుఫానూ పెద్దదే, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనా పెద్దదే, ముసలివారి మాటల్లో రెండూ కలిసిపోతాయి. అందుకే చేలో అప్పుడు ఏముందని అడుగుతాం. వరి కోతకు వచ్చి ఉందంటే నవంబరు. చేలు ఖాళీగా ఉన్నాయి, ఎండలు మండుతున్నాయి అంటే మే. ఒక పెద్దామె తన చెల్లెలు కొట్టుకుపోయిన రాత్రి గురించి చెబుతూ, తడిసిన వరి పనలు మొలకెత్తిన వాసన తరువాత చాలా రోజులు ఊరంతా ఉండేదని అన్నారు. ఆ మాటతో ఏడాది తేలిపోయింది. అక్కడితో ఫోను ఆపేశాం. మిగతాది ఆమె చెప్పారు, మేము విన్నాం.

రాతిమెట్లు
మీరు రికార్డు చేసినవాటిని ఎక్కడైనా వినిపించారా?

నదీతీరం
చెప్పినవారు ఒప్పుకున్నవి మాత్రమే, అదీ వారి వీధిలోనే, సాయంత్రం పూట, స్పీకరు పెట్టి వినిపించాం. గ్రంథాలయం మేడకు రమ్మంటే మోకాళ్ల నొప్పులతో ఎవరు వస్తారు? మండపం గారు జనం రావడం లేదంటున్నారు, సమావేశం జనం దగ్గరికి వెళ్లకూడదా అన్నది నా ప్రశ్న.

మండపం
నదీతీరం గారి ప్రశ్నకు నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. గ్రంథాలయం ఉచితంగా దొరుకుతుంది, కుర్చీలు ఉన్నాయి, అందుకే అక్కడ పెడుతున్నాం. మేడ మెట్ల గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. రాలేనివారు రావడం మానేసి ఉంటారు, ఫిర్యాదు ఎవరు చేస్తారు?

బడిపంతులు
పిల్లల గురించి ఎవరూ ప్రస్తావించలేదు. వ్యాసరచన పోటీలు, క్విజ్‌లు పెడితే అంతర్జాలం నుంచి ఎత్తి రాసిన వ్యాసాలు, కంఠతా పట్టిన జవాబులు వస్తాయి. నేను చేసింది వేరు. కడప జిల్లాలోని కలమళ్ల శాసనం ఫొటోను పెద్దదిగా అచ్చు వేయించి తరగతి గోడకు అతికించాను. సుమారు క్రీ.శ. 575 నాటి రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలపు తెలుగు శాసనం అది. అందులో నేటి అక్షరాన్ని పోలిన అక్షరం ఏదైనా పట్టుకోండి అన్నాను. మొదటిరోజు ఒకరిద్దరు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. తరువాత పందెంగా మారింది. ఆ పాత కాలపు తెలుగు శాసనాలలో ఇప్పుడు మన వర్ణమాలలో లేని ఴ అనే అక్షరం ఉండేదని చెప్పినప్పుడు, అది ఎలా పలికేవారో అనుకరించడానికి తరగతి అంతా నాలుకలు మెలితిప్పింది. పక్క తరగతి ఉపాధ్యాయురాలు ఏం జరుగుతోందో చూడటానికి వచ్చారు.

వీరిని మీ మండలి నడకకు తీసుకువెళితే గుడి గోడ మీద పేర్లు చెక్కరు. తాము చదవగలిగిన దాన్ని పాడుచేయడానికి పిల్లలకు మనసొప్పదు.

వేసవి గాలి
పిల్లలు చెక్కకపోవచ్చు, పెద్దల సంగతి ఏమిటి? ఒక చరిత్ర సంఘం నడకలో నేను పాల్గొన్నాను. అక్షరాలు ఫొటోలో బాగా కనబడాలని నిర్వాహకులే సుద్దముక్కతో గీతలన్నీ పూరించారు, ఇంకొకరు విభూతి పూశారు. ఆ గీసినవారికి ఒక అక్షరం తప్పుగా కనిపిస్తే తరువాత ఫొటో చూసి చదివేవారందరికీ అదే తప్పు సంక్రమిస్తుంది. గుడి జీర్ణోద్ధరణ పేరుతో ఎనామిల్ రంగు వేయడం, ఇసుకను ఒత్తిడితో కొట్టి రాయిని 'కొత్తగా' చేయడం అంతకంటే ఘోరం. అరిగిపోయిన పొరతోపాటు అక్షరం కూడా పోతుంది. నడకలు పెంచేముందు చేయకూడనివి చెప్పే కార్యక్రమం ఒకటి పెట్టండి.

లిపిజిజ్ఞాసి
వేసవి గాలి గారి మాటకు జోడింపు. సుద్ద అవసరమే లేదు. చీకటి పడ్డాక టార్చిని రాతికి ఒక పక్కనుంచి, దాదాపు రాతిని ఆనించినంత ఏటవాలుగా పట్టుకుంటే, పగలు కనిపించని గీత కూడా నీడతో లేస్తుంది. టార్చిని నాలుగు దిక్కుల నుంచీ మార్చి ఫొటోలు తీయాలి, ఎందుకంటే ఒక దిక్కు వెలుగులో నిలువు గీతలు, మరో దిక్కు వెలుగులో అడ్డగీతలు తేలుతాయి. తడి కాగితం పరచి, కుంచెతో తట్టి, సిరా అద్ది తీసే నకలు నేర్చినవారే తీయాలి; రక్షిత కట్టడాలలో అనుమతి లేకుండా అసలు తలపెట్టకూడదు.

అలాగే 'కొత్త శాసనం కనుగొన్నాం' అని పత్రికలకు చెప్పేముందు, దక్షిణ భారత శాసనాల సంపుటాలు, ముఖ్యంగా తెలుగు శాసనాలున్న పదో సంపుటం, పురావస్తు శాఖవారి జిల్లాల శాసన సంపుటాలు ఒకసారి తిరగేయాలి. ఒకే రాయిని పలుమార్లు 'కనుగొన్న' వార్తలు నేను చదివాను. ఆ రాయి మాత్రం కదలకుండా అక్కడే ఉంది.

చౌడునేల
ఆ రాయికి కూడా ప్రతిసారీ ఒక శాలువా కప్పి ఉంటారు.

రాతిమెట్లు
మా ఊరి పొలాల గట్ల మీద విరిగిన విగ్రహాలు, వీరగల్లులు పడి ఉన్నాయి. మేము కొందరం కుర్రాళ్లం కలిసి వాటిని తెచ్చి గ్రంథాలయం ఆవరణలో చిన్న ప్రదర్శనశాలలా పెడదామనుకుంటున్నాం. ట్రాక్టరు కూడా మాట్లాడుకున్నాం. ఇది సామాజిక కార్యక్రమమే కదా?

దండకవిలె
ట్రాక్టరును ఆపండి. సదుద్దేశమే, కానీ చట్టం ఉంది. భూమిలో దాగి ఉన్నది పది రూపాయలకు మించిన విలువైనది ఏది బయటపడినా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతుంది. వంద ఏళ్లు దాటిన శిల్పాలు, డెబ్బై ఐదు ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడమైతే 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం దాని చుట్టూ వంద మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. రాష్ట్రాల రక్షణలో ఉన్నవాటికి ఆంధ్రప్రదేశ్‌లో 1960 చట్టం, తెలంగాణలో 2017 వారసత్వ చట్టం ఉన్నాయి. ముందు తహసీల్దారుకూ పురావస్తు శాఖ సహాయ సంచాలకులకూ ఫొటోలతో ఒక అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి.

వేసవి గాలి
చట్టం పక్కన పెట్టినా, రాయి ఉన్న చోటే సగం సమాచారం. గట్టు మీది వీరగల్లు ఒకప్పటి ఊరి పొలిమేరను సూచిస్తుండవచ్చు. గ్రంథాలయం ఆవరణలోకి చేరాక అది ఒట్టి బొమ్మ.

నల్లమల
సిద్ధాంతం అదే, ఆచరణలో ఎప్పుడూ అలా కుదరదు. మా దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నప్పుడు ఒక వీరగల్లు కంకర కిందికి పోయేది. అర్జీ పెట్టాం, జవాబు వచ్చేలోగా యంత్రం వచ్చింది. అప్పుడు పంచాయతీ తీర్మానం చేయించి, రాయి ఏ ముఖం ఏ దిక్కుకు ఉంది, రోడ్డు మధ్యరేఖ నుంచి ఎంత దూరం, ఎంత లోతున పాతి ఉంది అన్నీ కొలిచి, ఫోనులో అక్షాంశ రేఖాంశాలు నమోదు చేసి, పంచాయతీ కార్యాలయం ముందు నిలబెట్టాం. కదిలించకూడదన్న నియమాన్నే పట్టుకొని కూర్చుంటే ఇప్పుడు మాట్లాడుకోవడానికి రాయే ఉండేది కాదు. రాతిమెట్లు గారి రాళ్లకు అలాంటి ముప్పు లేకపోతే మాత్రం అక్కడే ఉంచి, జాబితా రాయడం మంచిది.

రాతిమెట్లు
ముప్పు ఏమీ లేదండీ, గొర్రెలు ఆనుకొని పడుకోవడం తప్ప. ట్రాక్టరు వద్దని చెప్పేశాను. జాబితా ఎలా రాయాలో చెప్పండి.

నల్లమల
రాయికొక వరుస సంఖ్య, సర్వే నంబరు, ఎత్తు వెడల్పులు, ఏ దిక్కు చూస్తోంది, దాని గురించి దగ్గరి రైతు ఏమంటున్నారు, ఫొటో. అందరూ ఒకే నమూనా కాగితం వాడండి, లేకపోతే తరువాత కలపడం నరకం. జాబితాలో ఖచ్చితమైన చోటు రాసుకోండి గానీ సామాజిక మాధ్యమాలలో పెట్టకండి; విగ్రహాల దొంగలు కూడా చరిత్రాభిమానులే.

సందేహి
చర్చ మొదలుపెట్టిన ప్రశ్నకు నేనూ ఒక జవాబు చెబుతాను. ప్రసంగమా, కార్యక్రమమా అన్న విభజనే నాకు సరిగా తోచడం లేదు. రాజమహేంద్రవరంలో 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టినప్పుడు ప్రసంగాలతోనే ఆగలేదు. శాసనాలు చెక్కిన రాగిరేకులు సేకరించారు, పత్రిక నడిపారు, సంచికలు వేశారు. హైదరాబాదులోని లక్ష్మణరాయ పరిశోధక మండలి సభ్యులు ఊళ్లు తిరిగి నకళ్లు తీసుకురాబట్టే 'తెలంగాణా శాసనములు' సంపుటం వచ్చింది. వారికి ప్రసంగం అంటే చేసిన పనిని నలుగురి ముందు పెట్టి తప్పులు దిద్దించుకోవడం. ఇప్పుడు పని లేకుండా ప్రసంగం మాత్రమే మిగిలింది, అందుకే వినేవారూ మిగల్లేదు. మా సంఘం మూతపడింది కూడా ఆ కారణంగానే. వీరగల్లు వల్ల కాదు.

బడిపంతులు
నడకలకు వచ్చిన యువకులు ప్రసంగానికి ఎందుకు రారో దీంతో తెలుస్తోంది. నడకలో వారికి చేయడానికి ఏదో ఒకటి ఉంది, మేడ మీద కుర్చీ తప్ప ఏమీ లేదు.

లిపిజిజ్ఞాసి
అయితే ప్రసంగాన్ని తక్కువ చేయవద్దు. పని మాత్రమే ఉండి, దాన్ని వివరించే మనిషి లేకపోతే ఫొటోలు పోగవుతాయి, అర్థం పోగవదు. ఒకే రాయి మీద రెండు శతాబ్దాల తేడాతో రెండు శాసనాలు ఉండటం అరుదు కాదు. లిపిని గుర్తుపట్టగల వక్త పక్కన ఉంటేనే ఆ తేడా ఇతరులకు కనిపిస్తుంది. మీ వక్తలను మేడ దింపండి, పంపించివేయకండి.

మండపం
కార్యవర్గ సమావేశం నిన్న జరిగింది. ఇక్కడి జవాబులు అచ్చు తీసి చదివి వినిపించాను, శాలువాల భాగంతో సహా. మా అధ్యక్షులు నవ్వి ఊరుకున్నారు. వచ్చే నెల మేడ మీద సభ లేదు. పట్టణం చివరి శివాలయం ముందు పాతిన శాసనం దగ్గర సాయంత్రం కలుస్తాం. దాని పాఠం ఇదివరకే అచ్చయింది కాబట్టి కాగితాలు పంచగలం. కాకతీయుల మీద మాట్లాడిన వక్తే వస్తారు, చివరి అరగంట ఆయనది. అర్చకులతో మాట్లాడాం, పంచాయతీకి ఉత్తరం ఇచ్చాం. నదీతీరం గారు చెప్పినట్టు జ్ఞాపకాలు సేకరించే పనిని ఇద్దరు సభ్యురాళ్లు తీసుకున్నారు. ప్రసంగాల వరుస ఆపకూడదని పట్టుబట్టినవారికి రెండు నెలలకొకసారి మేడ కేటాయించాం, దాంతో వారికి పూర్తి తృప్తి కలగలేదు. టార్చి పట్టుకునే పని కుర్రాళ్లకు ఇవ్వాలనుకుంటున్నాం. ఫోను టార్చి సరిపోతుందా?

వేసవి గాలి
సరిపోదు. ఫోను వెలుగు దగ్గర్లో చెదిరిపోతుంది, నీడ పదునుగా పడదు. పొలాలకు నీళ్లు పెట్టడానికి వెళ్లేవారి దగ్గర ఉండే పొడవాటి టార్చి ఒకటి అడిగి తెచ్చుకోండి.

లిపిజిజ్ఞాసి
అమావాస్యకు దగ్గరి రోజు చూసుకోండి, గుడి ముందు వీధిదీపం ఉంటే ఆ పూట ఆర్పించమని ముందే అడగండి. రాతి పక్కన స్కేలు నిలబెట్టి ఒక ఫొటో, తరువాత వరుసకు ఒక ఫొటో, ప్రతి ఫొటోలోనూ పై వరుస కొంచెం కనిపించేలా తీయండి. పాఠంలో తేదీ ఉంటే దాన్ని పంచే కాగితంలో ఖాళీగా వదిలేయండి, వచ్చినవారే పూరిస్తారు. వారం పేరు కూడా ఉంటే నాకు పంపండి, ఆ తిథికి ఆ వారం కలుస్తుందో లేదో లెక్కకట్టి సభకు ముందే మీకు చెబుతాను.